బెంగళూరు ఫ్లాటులో హైస్కూలు సైన్సు: ఇంట్లోనే కొలిచి నేర్పే పద్ధతి

ఏడో తరగతి వరకు సైన్సు పుస్తకంలో పేర్లు ఎక్కువ, లెక్కలు తక్కువ. పువ్వు బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు వచ్చేస్తాయి. ఎనిమిది దాటి తొమ్మిదిలో అడుగు పెట్టేసరికి పాఠం తీరే మారిపోతుంది. బలం పెరిగితే త్వరణం ఏమవుతుంది, నిరోధం రెట్టింపైతే కరెంటు ఎంతకు తగ్గుతుంది, వస్తువును కటకానికి దగ్గరగా జరిపితే ప్రతిబింబం ఎక్కడికి పోతుంది అంటూ ప్రతి అధ్యాయమూ రెండు మూడు రాశుల మధ్య సంబంధాన్ని అడుగుతుంది. అప్పటిదాకా బాగా చదివిన పిల్లలు కూడా ఇక్కడే తడబడతారు. వాళ్లకు సూత్రం తెలియక కాదు, ఆ సూత్రంలోని అక్షరాలకు వెనక ఉన్న పరిమాణాలను ఒక్కసారి కూడా చేత్తో కొలవకపోవడం వల్ల. ఒక వాట్ అంటే ఎంతో, ఒక పాస్కల్ అంటే ఎంతో అంచనా లేని విద్యార్థికి జవాబు 2000 వచ్చినా 2,00,000 వచ్చినా ఒకేలా కనిపిస్తుంది.

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు అపార్టుమెంట్లలో ఉండే తెలుగు కుటుంబాల్లో పిల్లలు కొందరు సీబీఎస్ఈ, కొందరు ఐసీఎస్ఈ, కొందరు కర్ణాటక రాష్ట్ర బోర్డు చదువుతుంటారు. ఐసీఎస్ఈలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలకు విడివిడిగా మూడు పేపర్లు ఉంటాయి. మిగిలిన రెండింటిలో అంతా కలిపి సైన్సు అనే ఒకే పేపరు. ఈ తేడాను తల్లిదండ్రులు అవసరానికి మించి పట్టించుకుంటారని నా అభిప్రాయం, ఎందుకంటే చలనం, బలం, కాంతి, విద్యుత్తు, ఆమ్లాలు, క్షారాలు, లోహాలు, కార్బన్ సమ్మేళనాలు, జీవక్రియలు, అనువంశికత అనే ముఖ్య విషయాలు ఏ బోర్డులోనైనా ఉన్నవే. ఒక్క సంగతి మాత్రం గమనించాలి. 2023లో వచ్చిన సవరించిన ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో ఆవర్తన పట్టిక అధ్యాయం తీసేశారు. పరీక్షలో అడిగినా అడగకపోయినా, సంయోజకత (ఒక మూలకపు పరమాణువు ఎన్ని బంధాలు ఏర్పరచగలదో) అర్థం కావాలంటే ఆ పట్టిక కావాలి కాబట్టి ఒక చార్టు కొని చదువుకునే బల్ల ఎదురుగా గోడకు అంటించండి.

పద్ధతి ఇది. ఒక నోటుబుక్కు తీసుకోండి. ఏ ప్రయోగానికైనా ముందు ఎడమ పేజీలో పిల్లలు తమ అంచనాను అంకెగా రాయాలి. "ఎక్కువ అవుతుంది", "తగ్గుతుంది" అని రాస్తే సరిపోదు, ఎంతో రాయాలి. తర్వాత కొలిచిన విలువను కుడి పేజీలో రాసి, రెండింటికీ తేడా ఎందుకు వచ్చిందో కింద రెండు మూడు వాక్యాల్లో వివరించాలి. పెద్దవాళ్లు పాటించవలసిన నియమం ఒక్కటే: ఆ వాక్యాలు రాసేదాకా జవాబు చెప్పకూడదు. మన ఇళ్లలో ఇది అన్నింటికన్నా కష్టమైన భాగం. ఇంజినీరింగు చదివిన నాన్న పక్కన కూర్చుంటే పిల్లవాడు పెన్ను తీసేలోపే జవాబు వినిపించేస్తుంది.

నీళ్లు 97 దగ్గరే మరగడం

మొదలు పెట్టడానికి ఇంతకన్నా మంచి ప్రయోగం ఈ ఊళ్లో లేదు. ల్యాబ్ సామాను అమ్మే దుకాణంలో 110 డిగ్రీల వరకు చూపే థర్మామీటరు కొనండి (జ్వరం చూసే థర్మామీటరును వేడినీటిలో పెట్టకూడదు, పగిలిపోతుంది). గిన్నెలో ఫిల్టరు నీళ్లు మరగబెట్టి, థర్మామీటరు బల్బు అడుగుకు తగలకుండా నీటి మధ్యలో ఉండేలా పట్టుకుంటే, అది సుమారు 97 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగిపోతుంది. ఎంతసేపు మంట పెట్టినా పైకి కదలదు. ఎడమ పేజీలో తప్పకుండా 100 అని రాసి ఉంటుంది కాబట్టి, థర్మామీటరు చెడిపోయిందని పిల్లలు వెంటనే తీర్పు చెప్పేస్తారు.

అప్పుడు పుస్తకం తెరిపించి, మరుగు స్థానం నిర్వచనంలో "వాతావరణ పీడనం వద్ద" అనే మాట ఎందుకుందో అడగండి. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం సముద్రతీరంలో కన్నా దాదాపు పదో వంతు తక్కువ, కాబట్టి నీటి ఆవిరి పీడనం ఆ తగ్గిన పీడనాన్ని 97 దగ్గరే అందుకుంటుంది. చెన్నైలోనో విశాఖపట్నంలోనో ఉన్న బంధువుల ఇంట్లో ఇదే థర్మామీటరుతో చూస్తే 100 వస్తుంది. కుక్కరులో పీడనం బయటి పీడనానికి దాదాపు రెట్టింపవుతుంది కనుక నీళ్లు 120 డిగ్రీలకు దగ్గరగా వెళ్తాయనీ, మూత లేని గిన్నెలో కందిపప్పు ఇక్కడ ఆలస్యంగా ఉడకడానికి కారణం ఇదేననీ ఆ తర్వాత వాళ్లే చెప్పగలుగుతారు. నీళ్లు మరుగుతున్నంతసేపూ ఉష్ణోగ్రత కదలకపోవడం గుప్తోష్ణం (ఉష్ణోగ్రత పెంచకుండా నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చయ్యే వేడి) పాఠం. దానికి వేరే ప్రయోగం అక్కర్లేదు.

కరెంటు మీటరు దగ్గర ఒక నిమిషం

విద్యుత్తు అధ్యాయానికి ఇంట్లో ఉన్న అన్నింటికన్నా మంచి పరికరం కరెంటు మీటరు. అపార్టుమెంట్లలో ఇది సాధారణంగా కింద ప్యానెల్ గదిలో ఉంటుంది. పెద్దవాళ్లెవరైనా తోడుగా వెళ్లి, పెట్టె తెరవకుండా, దేన్నీ ముట్టుకోకుండా, అద్దంలోంచి చూడాలి. వాచ్‌మన్‌కు ముందుగా ఒక మాట చెప్పండి. మీటరు మీద ఒక ఎర్ర లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. పక్కనే ఒక కిలోవాట్ అవర్‌కు అది ఎన్నిసార్లు వెలుగుతుందో ముద్రించి ఉంటుంది. ఆ అంకె 3200 అనుకుందాం. ఒక యూనిట్, అంటే ఒక కిలోవాట్ అవర్, 36,00,000 జౌళ్లు. దాన్ని 3200తో భాగిస్తే 1125. అంటే లైటు ఒకసారి వెలిగిందంటే మీ ఇంట్లో 1125 జౌళ్ల శక్తి ఖర్చయిందన్నమాట. నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి 18.75తో గుణిస్తే ఆ క్షణాన ఇల్లు వాడుకుంటున్న సామర్థ్యం వాట్లలో వస్తుంది. ఈ 18.75 ఎక్కడినుంచి వచ్చిందో పిల్లలే తేల్చుకోవాలి, చెప్పకండి.

ఇంట్లో ఒకరు ఫోనులో ఉండి స్విచ్చులు వేస్తుంటే, కింద ఉన్నవారు లెక్కపెట్టాలి. ముందు ఫ్రిజ్, ఫ్యాన్లు మాత్రమే నడుస్తుండగా నిమిషానికి 12 సార్లు వెలిగిందనుకోండి, అది 225 వాట్లు. తర్వాత 2000 వాట్ల గీజరు వేయండి. లైటు సెకనుకు రెండుసార్లకు దగ్గరగా వెలుగుతుంది, కంటితో లెక్క తప్పుతుంది. ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. మొత్తం 112 వచ్చిందనుకుందాం. ముందటి 12 తీసేస్తే 100, అంటే 1875 వాట్లు. పెట్టె మీద 2000 అని ఉంటే మీటరు 1875 ఎందుకు చూపుతోంది?

అసలు పాఠం ఈ ప్రశ్నలోనే ఉంది. గీజరు మీద రాసిన 2000 వాట్లు 230 వోల్టుల దగ్గర లెక్కకట్టినవి. వోల్టేజిని వర్గం చేసి సామర్థ్యంతో భాగిస్తే కాయిల్ నిరోధం దాదాపు 26.5 ఓంలు. నిరోధం పెద్దగా మారదు కనుక, 1875 వాట్లు రావాలంటే ఆ సమయంలో ఇంటికి వస్తున్న వోల్టేజి సుమారు 223 ఉండాలి. వోల్టేజి మూడు శాతం తగ్గితే సామర్థ్యం ఆరు శాతం తగ్గిందేమిటని పిల్లలు ఆగి ఆలోచించే చోట, సూత్రంలో వోల్టేజి మీదున్న 2 అనే చిన్న అంకెకు మొదటిసారిగా అర్థం తెలుస్తుంది. రోజులో వేరువేరు వేళల్లో ఇదే కొలత తీసుకుంటే వోల్టేజి ఎలా మారుతోందో ఒక గ్రాఫు గీయవచ్చు. గీజరుకు 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు ఎందుకు పెడతారో కూడా ఇక్కడే తేలుతుంది: 230 వోల్టుల దగ్గర అది తీసుకునే కరెంటు దాదాపు 8.7 ఆంపియర్లు, చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే.

ఇదే కొలతను ఉష్ణం పాఠానికి కలపండి. పదిహేను లీటర్ల గీజరులో నీటిని 22 డిగ్రీల నుంచి 47 డిగ్రీలకు తేవాలంటే, లీటరుకు ఒక కిలో, కిలోకు డిగ్రీకి 4200 జౌళ్ల చొప్పున 15,75,000 జౌళ్లు కావాలి. 1875 వాట్లతో అది 840 సెకన్ల పని, అంటే 14 నిమిషాలు. గడియారం పెట్టి చూస్తే ఇంకొంచెం ఎక్కువే పడుతుంది, ఎందుకంటే ట్యాంకు లోహం కూడా వేడెక్కాలి, కొంత వేడి బయటికి పోతుంది. ఎంత ఎక్కువ పట్టిందో దాన్నిబట్టి ఎంత శాతం శక్తి నీటికి చేరిందో లెక్క వేయించండి.

మీటరును చూడడం వరకే. ఇంటి వైరింగుతో ప్రయోగాలు వద్దు. శ్రేణి, సమాంతర సంధానాలు చేసి చూడాలంటే టార్చి సెల్స్‌తో సరిపోతుంది. ఎల్ఈడీలు, నిరోధకాలు, చిన్న మల్టీమీటరు అన్నీ ఎస్.పి. రోడ్డులో దొరుకుతాయి, బేరమాడడం కూడా పిల్లలకే వదిలేయండి. శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి 1902లో సుమారు 147 కిలోమీటర్ల దూరాన ఉన్న కోలారు బంగారు గనులకు, 1905లో బెంగళూరు నగరానికి కరెంటు తెచ్చారు. అంత దూరం తీగల్లో పంపేటప్పుడు వోల్టేజి ఎందుకు పెంచాలో లెక్క వేయిస్తే, ఓం నియమం, జౌల్ నియమం రెండూ ఒకే చోట పనికొస్తాయి: అదే సామర్థ్యానికి వోల్టేజి పది రెట్లయితే కరెంటు పదో వంతు, తీగలో వేడిగా పోయే నష్టం నూరో వంతు.

కెటిల్ అడుగున తెల్లటి పొర

బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు వాడే ఇళ్లలో కెటిల్ అడుగున గట్టిగా పేరుకునే తెల్లటి పొరను తిట్టుకుంటూ గోకి పారేస్తాం. పదో తరగతి రసాయన శాస్త్రంలో మూడు అధ్యాయాలకు అది ముడిసరుకు. భూగర్భ జలంలో కరిగి ఉన్న కాల్షియం హైడ్రోజన్ కార్బొనేట్ వేడికి విచ్ఛిన్నమై, కరగని కాల్షియం కార్బొనేట్‌గా అడుగున దిగుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. ఆ పొరను గోకి ఒక చిన్న సీసాలో వేసి, తెల్ల వెనిగర్ పోస్తే బుడగలు వస్తాయి. పొర చాలకపోతే కోడిగుడ్డు పెంకు వేయండి, అదీ కాల్షియం కార్బొనేటే. ఆ బుడగలు ఏ వాయువువో నిరూపించాలి.

తమలపాకులు అమ్మే చోట దొరికే సున్నాన్ని నీళ్లలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచితే, పొద్దున పైన తేట తేరుతుంది. దాన్ని ఒంపుకుని అంతే ఫిల్టరు నీళ్లు కలపండి. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. కళ్లద్దాలు పెట్టుకుని చేయాలి, చిన్న తమ్ముళ్లను దూరంగా ఉంచాలి. సీసా మూతకు రంధ్రం చేసి, అక్వేరియం ట్యూబు బిగించి, రెండో కొనను సున్నపు తేటలో ముంచితే అది పాలలా తెల్లబడుతుంది. సాధారణంగా స్కూల్లో ప్రయోగం ఇక్కడితో ఆగిపోతుంది. మీరు ఆపకండి. వెనిగర్ పోస్తూ, పెంకులు వేస్తూ వాయువును ఇంకా పంపుతూ ఉంటే ఆ తెలుపు క్రమంగా విరిగి ద్రవం మళ్లీ తేటపడుతుంది. ఇప్పుడు అందులో ఉన్నది కాల్షియం హైడ్రోజన్ కార్బొనేట్, అంటే మీ బోరు నీటిలో ఉన్నదే. ఆ తేటను స్టీలు గిన్నెలో మరగబెడితే మళ్లీ తెల్లగా అవుతుంది. కెటిల్‌లో ఏం జరిగిందో మొదటి నుంచి చివరి వరకు మీ బల్ల మీదే జరిపి చూశారు. నాలుగు చర్యలకూ నాలుగు తుల్య సమీకరణాలు రాయించండి. ఇంతదాకా చూసినవారికి వాటిని కంఠస్థం చేయాల్సిన అవసరం ఉండదు.

మిగిలిన సున్నపు తేటలో చిటికెడు పసుపు వేస్తే ఎర్రబడుతుంది. పెళ్లిళ్లలో కాళ్లకు రాసే పారాణి ఇదేనని అమ్మమ్మ చెప్పేలోపే, దాని మీద నిమ్మరసం పిండి మళ్లీ పసుపు రంగు తెప్పించమనండి. సూచికల పాఠం అయిపోయినట్టే. నీటి కాఠిన్యానికి మాత్రం అంకెలు కావాలి: ఫిల్టరు నీళ్లు, కావేరీ నీళ్లు, బోరు నీళ్లు సమానంగా మూడు సీసాల్లో పోసి, సబ్బు ద్రావణాన్ని డ్రాపరుతో చుక్క చుక్కగా వేసి కుదుపుతూ, నురుగు నిలవడానికి దేనికి ఎన్ని చుక్కలు పట్టాయో రాసుకోవాలి. ఇక్కడ నిజమైన సబ్బే వాడాలి. హ్యాండ్‌వాష్‌లు, కొన్ని స్నానపు బార్లు డిటర్జెంటు రకానివి, అవి కఠిన జలంలోనూ నురుగిస్తాయి, ప్రయోగం తేలదు.

కాంతి, చలనం

తాతగారి చదువుకునే కళ్లజోడు మీద +2 అని ఉంటే దాని నాభ్యంతరం అర మీటరు ఉండాలి. పగలు, గది లైట్లు ఆర్పి, ఎదురు భవనం కనిపించే కిటికీకి అభిముఖంగా ఉన్న గోడ ముందు ఆ కటకాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ జరిపితే, 50 సెంటీమీటర్ల దగ్గర భవనం తలకిందులుగా గోడ మీద స్పష్టంగా పడుతుంది. అదే పిల్లల మైనస్ కళ్లజోడుతో ఎక్కడ పట్టుకున్నా ప్రతిబింబం రాదు. నిజ, మిథ్యా ప్రతిబింబాల తేడా ఇంతకన్నా తేలికగా చెప్పలేం. సూర్యుడి వైపు మాత్రం కటకం పెట్టనివ్వకండి.

గాజు గ్లాసులో నీళ్లకు నాలుగైదు చుక్కల పాలు కలిపి చీకట్లో టార్చి వేస్తే పక్కనుంచి నీలంగా, ఎదురుగా చూస్తే ఎరుపు చాయగా కనిపిస్తుంది. ఆకాశం నీలం, సూర్యాస్తమయం ఎరుపు ప్రశ్నలకు జవాబు ఇందులోనే ఉంది. కాంతి పరిక్షేపణం మీద 1928లో తాను కనుగొన్న విషయానికి 1930లో నోబెల్ అందుకున్న సి.వి.రామన్ చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్నారు, తర్వాత ఈ ఊళ్లోనే స్థిరపడి 1948లో తన పేరిట పరిశోధన సంస్థ పెట్టారు.

చలనానికి మెట్రో చాలు. అరవై సెంటీమీటర్ల దారానికి తాళంచెవి కట్టి పట్టుకుంటే, రైలు స్టేషన్ నుంచి వేగం అందుకునేటప్పుడు చెవి వెనక్కి వాలుతుంది. నిలువు గీత నుంచి ఆరు సెంటీమీటర్లు జరిగితే త్వరణం సుమారు సెకను వర్గానికి ఒక మీటరు. వేగం స్థిరపడ్డాక దారం మళ్లీ నిటారుగా నిలుస్తుంది. వేగం ఎంత ఎక్కువైనా త్వరణం సున్నా కావచ్చన్న సంగతి అక్కడ కంటికే కనిపిస్తుంది. రద్దీ వేళల్లో ఈ ప్రయోగం పెట్టుకోకండి.

జీవశాస్త్రం

దీనికి సూక్ష్మదర్శిని లేకపోతే కణాలు, కణజాలాలు ఇంట్లో చూపించడం కష్టం, ఆ భాగాన్ని స్కూలు ల్యాబుకే వదిలేయాలి. జీర్ణక్రియ మాత్రం వంటింట్లో చేయవచ్చు. పలుచని గంజి మూడు గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోయండి. ఒకదాంట్లో విద్యార్థి తన లాలాజలం, రెండోదాంట్లో మరగబెట్టి చల్లార్చిన లాలాజలం, మూడోదాంట్లో అంతే నీళ్లు కలపాలి. మూడింటినీ గోరువెచ్చని నీటిలో పావుగంట ఉంచి, గాయాలకు రాసే పోవిడోన్ అయోడిన్‌ను నీళ్లతో పలుచన చేసి ఒక్కో చుక్క వేస్తే, మొదటిదాంట్లో నీలి రంగు రాదు లేదా బాగా తక్కువ వస్తుంది. మూడో గ్లాసు ఎందుకు పెట్టాం అన్న ప్రశ్నకు జవాబు రాయడం ఈ ప్రయోగంలో ముఖ్యం. అనువంశికతకు నాలుక మడతపెట్టడం, చెవి తమ్మెల ఆకారం ఉదాహరణలుగా చెబుతుంటారు, కానీ అవి ఒకే జన్యువుతో తేలే లక్షణాలు కావు, కాబట్టి వాటితో ఇంటిల్లిపాది పట్టికలు వేయకండి. రక్తపు గ్రూపులు మెరుగైన ఉదాహరణ.

హైదరాబాదులో ఉన్నవారితో కలిసి

ఏటా ఏప్రిల్ 24 ప్రాంతంలోనూ, ఆగస్టు 18 ప్రాంతంలోనూ బెంగళూరులో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారు కర్రకు నీడ ఉండదు. అదే రోజు హైదరాబాదులో ఉన్న పెద్దనాన్న పిల్లలు ఒక మీటరు కర్రను డాబా మీద నిటారుగా నిలిపి, నీడ అన్నింటికన్నా పొట్టిగా ఉన్న క్షణంలో కొలిస్తే సుమారు 7.7 సెంటీమీటర్లు వస్తుంది. పదో తరగతి త్రికోణమితితో అది 4.4 డిగ్రీల కోణం. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 490 కిలోమీటర్లు. 4.4 డిగ్రీలకు 490 అయితే 360 డిగ్రీలకు ఎంత? నలభై వేల కిలోమీటర్లు దాటి కొద్దిగా వస్తుంది, అది భూమి చుట్టుకొలత. మిల్లీమీటరు తేడా వస్తే జవాబు ఎంత మారుతుందో కూడా లెక్క వేయించాలి. కొలతలో దోషం అంటే ఏమిటో ఇక్కడ బాగా తెలుస్తుంది. కర్ర నిటారుగా ఉందో లేదో చూడడానికి దారానికి రాయి కట్టి వేలాడదీస్తే సరిపోతుంది.

కస్తూర్బా రోడ్డులో 1962లో తెరిచిన విశ్వేశ్వరయ్య మ్యూజియం, 1989 నుంచి ఉన్న నెహ్రూ ప్లానెటేరియం చూడదగ్గవే. అయితే ఒక్కపూటలో అన్ని అంతస్తులూ తిరిగితే పిల్లలకు మిగిలేది ఫోటోలే. ఆ నెలలో బళ్లో చెబుతున్న అధ్యాయానికి సంబంధించిన ఒక్క గ్యాలరీ ఎంచుకుని, నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి.

పరీక్షల ముందు ఈ నోటుబుక్కును జవాబులుగా మార్చడం ఇంకో పని. ఒక్కో ప్రయోగాన్ని తీసుకుని ఐదు మార్కుల ప్రశ్నగా మలచండి: ఏం చేశాం, ఏం గమనించాం, తుల్య సమీకరణం లేదా సూత్రం ఏమిటి, ప్రమాణాలతో సహా విలువ ఎంత, ఏ షరతుల్లో ఇది మారుతుంది. చివరి ప్రశ్నను పిల్లలు వదిలేస్తుంటారు. మరుగు స్థానం జవాబులో పీడనం, గీజరు జవాబులో వోల్టేజి, లాలాజలం జవాబులో ఉష్ణోగ్రత తప్పకుండా రాయించి, పటాన్ని పెన్సిలుతో గీసి పేర్లన్నీ ఒకే వైపు రాసే అలవాటు చేయించండి. సమయం పెట్టి రాయించడం ఆ తర్వాతే మొదలు పెట్టాలి, ముందే పెడితే ప్రమాణాలు ఎగిరిపోతాయి.